బేరిపండ్లు తాగిన సారా

"మూత ముట్టుకోకండి! మీకు దణ్ణం పెడతాను, ఆ మూత జోలికి మాత్రం పోకండి. ఒక్కసారి ఆవిరి పోయిందంటే పళ్ళు అలుగుతాయి, తర్వాత నా పూచీ లేదు. రండి, రండి, కూర్చోండి. ఫిర్మిన్ గారూ, మీరు ఆ పెద్ద కుర్చీలో. సిదోనీ పెద్దమ్మా, నువ్వు పొయ్యి దగ్గరికి జరుగు, ఈ చలికి నీ చెయ్యి లాగేస్తుంది."

అనతోల్ అడక్కుండా కుర్చీ వేశాడంటే ఏదో కొంప మునిగిందనే అర్థం. భోజనాల వేళకి బేరిపండ్లు తీసుకెళ్దామని మేం నలుగురం వెళ్ళాం. ద్రాక్షరైతుల సంఘం పెద్ద ఫిర్మిన్ గారు, రొట్టెల కొట్టు లూబిన్, సిదోనీ పెద్దమ్మ, నేను. ఆ రోజు పునీత విన్సెంట్ పండుగ. ద్రాక్షతోట ఉన్న ప్రతివాడికీ ఆయనే దిక్కు. పొద్దున్న గుడిలో పూజ, ఊరేగింపు, మధ్యాహ్నం ఊరంతా కలిసి భోజనం. చివర బేరిపండ్లు వడ్డించేటప్పుడు, పునీతుడి కర్ర విగ్రహాన్ని పాత ఇంటివాళ్ళు కొత్త ఇంటివాళ్ళ చేతుల్లో పెడతారు. ఏడాదికో ఇల్లు, పోయినేడు ఫిర్మిన్ గారిది. ఏ ఇల్లో తేల్చేది సంఘం. అనతోల్ తాత ఆ భాగ్యం కోసం చూసి చూసి పోయాడు, తండ్రీ అంతే. "ఆ కోతలరాయుళ్ళ కొంపకా పునీతుణ్ణి పంపేది" అని సంఘంవాళ్ళు ఎప్పటికప్పుడు దాటేసేవాళ్ళు. ఈ ఏడు అనతోల్ అందరి కాళ్ళూ గడ్డాలూ పట్టుకుంటే, పోనీలే అని ఒప్పుకున్నారు.

బేరిపండ్ల వంట ఎప్పుడూ సిదోనీ పెద్దమ్మదే. ఈసారి ఆవిడ మంచు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. "నేనుండగా మీకెందుకు బెంగ" అని అనతోల్ ఎగబడ్డాడు. సరేనని ఇంటికో సీసా చొప్పున కసీస్ సారా అతనికి అప్పగించాం. వేసవిలో కసీస్ అనే చిన్న నల్లపళ్ళు సారాలో నానేసి, చక్కెర పోసి, ఎవరింట్లో వాళ్ళు చేసుకునే తీపి సరుకు అది. బేరిపండ్లు పొయ్యి మీంచి దించాక కాస్త పోసి, మిగతాది భోజనాల దగ్గర తెల్లవైనులో కలుపుకోవాలని అనుకున్నాం. ఇప్పుడు చూస్తే గుమ్మం పక్కన బుట్టలో సీసాలన్నీ తలకిందులుగా ఉన్నాయి.

"సారా ఏదిరా?" అన్నారు ఫిర్మిన్ గారు.

"అదే చెప్పబోతున్నాను. కంగారు పడకండి. నిన్న మధ్యాహ్నం మొదలుపెట్టానండీ. అటక మీద గడ్డిలో దాచిన కాయలు, మీకు తెలియందేముంది, రాళ్ళలా ఉంటాయి, పచ్చిగా కొరికితే పన్ను ఊడి చేతికొస్తుంది. తొక్క తీశాను, తొడిమలు ఉంచాను. తెల్లవైను, చక్కెర, ఇంత దాల్చినచెక్క. సన్నసెగ. అంతే. నేనేం గొప్పలు చెప్పుకోవట్లేదు, గొప్పలు చెప్పుకోవడం మా ఇంటావంటా లేదు..."

లూబిన్‌కి పొలమారింది.

"నీళ్ళు తాగరా లూబిన్. ఆఁ, ఎక్కడున్నాను? దించాను. దించి, ఒక్క గరిటెడు సారా పోశాను. గరిట పక్కన పెట్టి చూద్దును కదా, సారా లేదు! బీడు నేల మీద వానచుక్క పడ్డట్టు ఇంకిపోయింది. ఇదేం చోద్యమని ఇంకో గరిటెడు పోశాను. ఈసారి చెవులారా విన్నాను, జుర్రుమని చప్పుడు! చలికాలం కదా, పాపం వాటికి మాత్రం ఒళ్ళు వెచ్చబడొద్దా అని సీసా ఎత్తి వంచేశాను. అది ఎవరింటి సీసా తెలుసా? ఫిర్మిన్ గారిది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మీ సీసా అంటే పళ్ళు ప్రాణం పెట్టాయండీ."

"నిజంగానా?" అన్నారు ఫిర్మిన్ గారు, ఒక్క క్షణం తానెందుకు వచ్చారో మర్చిపోయి.

"మా ఆవిడ సీసా?" అని నేనూ అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"మీ ఆవిడ సీసాకా? తొడిమలు నిక్కబొడుచుకున్నాయంటే నమ్ము. లూబిన్ సీసాకి మాత్రం, చెప్తే బాధపడతాడు గానీ, పళ్ళు మొహం తిప్పుకున్నాయి."

"మొహం తిప్పుకున్నాయా? మరి అదీ ఖాళీగానే ఉందేం?" అన్నాడు లూబిన్ మండిపడి.

"మరి... బుజ్జగించి పట్టించానురా. నీ పరువు నా పరువు కాదూ? చిన్నప్పట్నుంచీ ఒకే బల్ల మీద కూచున్నాం. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పళ్ళు ఉబ్బడం మొదలెట్టాయి. నా పిడికిలంత ఉన్నవి తలకాయంత అయ్యాయి. మూత లేస్తోంది. ఇనప మూతండీ, మా ముత్తాత నాటిది. దాని మీద కమ్మరి దాగలి పెట్టాను. దాగలితో సహా లేస్తోంది! ఇక లాభం లేదని నేనే ఎక్కి కూచున్నాను. ఎక్కానో లేదో నన్నూ, దాగలినీ, మూతనీ కలిపి ఎత్తి పైనున్న దూలానికేసి కొట్టాయి. అదుగో దూలం మీద సొట్ట, చూడండి."

మేం తలెత్తి చూశాం. దూలం మీద సొట్టలు చాలానే ఉన్నాయి, అది అతని తాత కట్టించిన ఇల్లు.

"నీ తల మీద బొప్పి ఏదిరా?" అన్నాడు లూబిన్.

"నా తల సంగతి నీకు తెలీదూ? దూలానికే సొట్ట పడింది. సరే, దూలానికి ఆని కూచునే, ఒక్కో సీసా అందుకుని మూత సందులోంచి పోస్తూ వచ్చాను. ఎందుకూ? తాగితే పడుకుంటాయని. నువ్వూ తాగితే పడుకుంటావు కదా, పళ్ళు మాత్రం మనుషులు కావా? పోసేకొద్దీ మెల్లగా దిగాయి. ఆ పూట నేనలా కాపలా కాయకపోతే ఈ ఊరు ఈ ఊరుగా ఉండేది కాదు. కానీ పొగగొట్టంలోంచి వాసన పోయింది, దాన్నెవడు ఆపగలడు? పైన ఎగిరే కాకులు టపటపా రాలి మా పెరట్లో పడి గురకపెట్టాయి. మా బాతులు ఒకదాని మెడ మీద ఒకటి చేతులేసుకుని ఊరేగింపు పాట ఎత్తుకున్నాయి."

"బాతులకి చేతులెక్కడివిరా?"

"రెక్కలే, రెక్కలే! మాటకి మాట పట్టుకుంటావేం? ఇంతలో ఎక్సైజువాళ్ళు దిగారు. దిజాన్ పట్నం నుంచి, సైకిళ్ళ మీద. ఎవడ్రా ఇక్కడ దొంగచాటుగా సారా కాస్తున్నాడు అని గర్జించుకుంటూ వచ్చారు, గుమ్మం దగ్గర ఒక్కసారి ముక్కు ఎగబీల్చారు, అంతే, నా మెడ కౌగిలించుకుని చిన్నపిల్లల్లా ఏడిచారు. వాళ్ళ అమ్మలు గుర్తొచ్చారట. వెళ్ళేటప్పుడు సైకిళ్ళని వాళ్ళే భుజాలకెత్తుకుని పోయారు. ఇదంతా ఒక ఎత్తు, రైలు సంగతి ఒక ఎత్తు."

"రైలా!" అన్నారు ఫిర్మిన్ గారు.

"లియోన్ వెళ్ళే రైలండీ. ఆ డ్రైవరు కిటికీ తీసి ఉన్నాడు కాబోలు. పట్టాలు వదిలేసి, మీ తోటలోంచే, సరిగ్గా రెండు సాళ్ళ మధ్య నుంచి, ఒక్క తీగ కూడా తెగకుండా వచ్చి నా వాకిట్లో ఆగింది. మర్యాదస్తుడు. దిగినవాళ్ళు దిగినట్టు చెంచాలు పట్టుకుని వరస కట్టారు. నేను లొంగుతానా? ఇది మా పునీతుడి నైవేద్యం, ఆయన తినకుండా దేశాధ్యక్షుడొచ్చినా చెంచాడు పెట్టను అని కరాఖండిగా చెప్పాను. ఏడుస్తూ ఎక్కారు. రైలు వెనక్కి నడుచుకుంటూ పోయింది."

"అబద్ధం చెప్పినా అతికినట్టుండాలిరా," అన్నాడు లూబిన్. "అంత రైలు వస్తే ఊళ్ళో ఒక్కడికీ వినపళ్ళేదా?"

"వాసనకి మీరంతా మత్తులో ఉన్నారుగా! నిన్న సాయంత్రం నువ్వేం చేశావు? చెప్పు."

"కాస్త కునుకు తీశాను."

"చూశారా! చూశారా ఫిర్మిన్ గారూ!" అనతోల్ తొడ చరిచాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "అప్పటికి ఒకే ఒక్క సీసా మిగిలింది. దీన్ని ప్రాణం పోయినా దాచాలనుకున్నాను. తలుపు చప్పుడైంది. తీశాను. ఎవరనుకున్నారు? పునీత విన్సెంట్! ఆయనే. కర్ర పాదాలు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చాడు."

"మా ఇంట్లోంచా? నేను తాళం వేశాను," అన్నారు ఫిర్మిన్ గారు.

"కిటికీ దూకాడట. మీకు చెప్పొద్దన్నాడు. 'అనతోలూ, రేపు ఎలాగూ నీ ఇంటికే వస్తున్నాను కదా, ఇల్లెలా ఉందో చూసుకుందామని వచ్చాను' అన్నాడు. కుర్చీ వేశాను. 'చలిగా ఉంది నాయనా' అన్నాడు. నేనేం చెయ్యను? చెప్పండి. సాక్షాత్తూ ద్రాక్షతోటల దేవుడు నా ఇంటికొచ్చి చలేస్తోందంటే, లేదు పొమ్మననా? ఆ ఆఖరి సీసా ఆయన తాగాడు. తాగి, మూతి తుడుచుకుని, 'మీ తాత, మీ నాన్న నా కోసం ఎంత ఎదురుచూశారో నాకు తెలుసురా' అన్నాడు."

ఆ మాట మాత్రం కోతలా వినపడలేదు. ఫిర్మిన్ గారు తల దించుకున్నారు. నాకైతే, ఆ క్షణంలో, సీసా పోతే పోయిందిలే అనిపించింది.

సిదోనీ పెద్దమ్మ అంతసేపూ కట్టు కట్టిన చెయ్యి పొయ్యి దగ్గర కాచుకుంటూ కూచుంది. ఇప్పుడు లేచి, మంచి చేత్తో మూత తీసి పక్కన పెట్టింది.

"పెద్దమ్మా, ఆవిరి!" అని అరిచాడు అనతోల్.

మేం తొంగి చూశాం. పళ్ళు తెల్లగా ఉన్నాయి. జబ్బుపడి లేచిన పిల్ల మొహంలా పాలిపోయి ఉన్నాయి.

"పోయినేడు నా గౌను మీద కసీస్ సారా ఒక్క చుక్క పడింది," అంది సిదోనీ పెద్దమ్మ, నింపాదిగా. "ఏడాదంతా ఉతుకుతున్నాను. ఆ ఊదారంగు ఇంకా పోలేదు. ఇన్ని సీసాలు తాగిన పళ్ళకి ఒక్క మరక లేదేంరా అయ్యా?"

అనతోల్ మఫ్లర్ ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను," అందావిడ. "పొయ్యి పక్కన కూచున్న నేనే శాలువా తీసేశాను. నువ్వేమో మఫ్లర్ ముక్కు దాకా చుట్టుకుని దాని వెనకాలనుంచే మాట్లాడుతున్నావు. ఏదీ, నాలుక చాపు."

ఫిర్మిన్ గారు కుర్చీలోంచి లేచారు. "అనతోల్, నాకిప్పటికీ ఏ అభ్యంతరం లేదు. మఫ్లర్ దించి నాలుక చూపించు. ఎప్పట్లా ఉందా, ఇవాళ నా చేతులతో పునీతుణ్ణి తెచ్చి నీ ఇంట్లో పెడతాను. లేదా, ఆయన లూబిన్ ఇంటికి వెళ్తాడు. రాత్రింబవళ్ళు పొయ్యి వెలిగే ఇల్లు, చలేస్తే అక్కడ కాచుకుంటాడు."

అనతోల్ మావైపు ఒక్కొక్కరి మొహంలోకీ చూశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మఫ్లర్ మాత్రం దించలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఎరిగినవాణ్ణి, అతను అంతసేపు మాట్లాడకుండా ఉండడం నేనెప్పుడూ చూడలేదు.

సిదోనీ పెద్దమ్మ గిన్నెలో చెంచా పెట్టి ఓ పండు అంచు కోసింది. వెన్నలా దిగింది. నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో చెంచా తీసుకుంది. తర్వాత అనతోల్ కేసి తిరిగి, ఇందాకటి వెటకారం ఏమీ లేకుండా అడిగింది.

"ఒరే అనతోలూ, ఇన్నేళ్ళలో నాకొక్కసారైనా ఇంత బాగా కుదర్లేదురా. నిజం చెప్తున్నాను. ఎలా చేశావు?"

అనతోల్ కళ్ళు వెలిగిపోయాయి. గుండె నిండా గాలి పీల్చుకున్నాడు. మేం నలుగురం అతని నోటికేసే చూస్తూ నిలబడ్డాం. అతను రెండు చేతులా మఫ్లర్‌ని మూతికి అదిమిపట్టుకుని, తల మాత్రం అడ్డంగా ఊపాడు.