రాని రోగుల క్షేమం అడిగిన లెక్కలమ్మ

1994 జూలై పదకొండున మా క్యాన్సర్ ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో భౌతికశాస్త్ర నిపుణురాలిగా అడుగుపెట్టి, కిటికీ లేని నేలమాళిగ గదిలోనే తల పండించుకొని, నేడు పదవీ విరమణ చేస్తున్న మా 'లెక్కలమ్మ' గారికి ఈ అక్షరాభినందన. ఆమె నవ్విన రోజున యంత్రం మొరాయిస్తుందని మేము వేళాకోళమాడిన మాట వాస్తవం. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల నడుమ ఆమెకు నవ్వడానికి కారణాలు తక్కువే దొరికాయి.

తొలి రోజుల్లో అందరికీ ఒకటే మోతాదు. బక్కపలచని వృద్ధురాలికీ, కండలు తిరిగిన లారీ డ్రైవరుకూ ఒకే చొక్కా తొడిగినట్లుండే ఆ పద్ధతి ఆమెకు మింగుడు పడలేదు. పాత రోగుల స్కానులు, శ్వాస పరీక్షలు, చికిత్సానంతర ఫలితాలు ఏళ్ళ తరబడి కూర్చి, ఎవరి ఊపిరితిత్తులు ఎంత కిరణాన్ని ఓర్చుకోగలవో ముందే అంచనా కట్టే విధానాన్ని రూపొందించారు.

ఆ విధానమే ఒక దర్జీకి మోతాదు పెంచవచ్చని చెప్పింది. అంతా సిద్ధమయ్యాక ఆమె చికిత్స ఆపించారు. అతనివంటి ఊపిరితిత్తులున్న పాత రోగులు చాలామంది మళ్ళీ పరీక్షకు రాలేదనీ, వారందరినీ కంప్యూటరు 'ఇబ్బంది లేనివారి'లో కలిపేసిందనీ అప్పుడే గమనించారు.

"రాలేదంటే బాగున్నట్టే కదండీ," అన్నారు పెద్ద డాక్టరు గారు.

"మంచం దిగలేనివాళ్ళు కూడా రారండీ," అన్నారామె.

ఇళ్ళకు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒక ఇల్లాలు నిప్పులు చెరిగింది: "ఆయన పోయి మూడేళ్ళయింది. ఊపిరాడక గోడకానుకుని కూర్చునే పోయారు. ఇప్పుడు గుర్తొచ్చామా మీకు?" లెక్కలమ్మ గారు క్షమాపణ చెప్పి, ముఖం కడుక్కొని, తరువాతి ఇంటికి చేశారు. దాదాపు అన్ని ఇళ్ళలోనూ అదే కథ. క్యాన్సరు కన్నా ముందు మా కిరణాలే వారి ఊపిరితిత్తులను కమిలించాయి. ఈ సంగతి ఈ వీడ్కోలు సంచికలో వద్దన్నవారున్నారు. ఇది రాయకుండా ఆమెను సన్మానించడం దండగ.

దర్జీకి మోతాదు తగ్గించారు. తగ్గించి తప్పు చేశానేమోనన్న దిగులు ఆమెను చాలాకాలం తినేసింది. రెండేళ్ళకు అతని కూతురు తనంతట తానే ఫోను చేసింది.

"నాన్న పోయారు మేడమ్. గడ్డ మళ్ళీ పెరిగింది. కానీ ఆఖరి వారం దాకా కుట్టు మిషను మీద కూర్చున్నారు, ఆయాసం లేదు. మీ లెక్కలో కలుపుకుంటారని చెబుతున్నా."

ఆ రోజు లెక్కలమ్మ గారు మా అందరి ముందే ఏడ్చారు.

రాని ప్రతి రోగి ఇంటికీ ఫోను చేయడం నేడు మా విభాగపు ఆనవాయితీ. ఇకపై ఆ వరుసలో ఆమె ఇంటికీ చేస్తాము. ఆయురారోగ్యాలతో, భర్త, పిల్లల నడుమ, ఇంకా ఎన్నెన్నో ఏళ్ళు ఆ ఫోను ఆమే ఎత్తాలని, ఆయాసం లేని గొంతుతో మమ్మల్ని కసురుకోవాలని మనసారా కోరుకుంటున్నాము.