నీతి పాఠానికి అతిథి

ఒహాయోలో ఒక బిజినెస్ కాలేజీ. పార్కింగులో ఆగిన కారు, అందులో తల్లీ కొడుకూ.

"నీ పాఠం విని ఏ పిల్లాడైనా అదే దొంగపని చేశాడనుకో, మళ్లీ నిన్నే పట్టుకెళ్తారేమోరా లైల్."

"చెయ్యకూడదనే కదమ్మా నన్ను పిలిచింది. దొంగ లెక్కలు రాసి జైలుకెళ్లొచ్చినవాడు చెబితే పిల్లలకి భయం పుడుతుందని."

"నాకు పుట్టింది చాలదూ? ఆ టై అంత బిగించావు, ఊపిరాడుతోందా?"

"ఆడుతోంది."

"లోపల ఎవరైనా కోడిగుడ్లు విసిరితే?"

"బిజినెస్ చదివే పిల్లలమ్మా. గుడ్డు ధర చూసుకుని ఆగిపోతారు."

"సరే పద. నేనూ వచ్చి వెనక కూర్చుంటా."

"వద్దు."

"ఏం?"

"లోపల ఏసీ చలి."

"స్వెట్టరుంది."

"కుర్చీలు గట్టివి."

"నిన్ను చూడ్డానికొచ్చి కూర్చున్న ఆ జైలు బల్లకంటేనా?"

"అమ్మా, వద్దన్నానా. ఈ పాఠాలు కూడా పోతే నన్ను ఇంకెవరూ పనిలో పెట్టుకోరు."

"నేనొస్తే అవెందుకు పోతాయి? అదుగో, ఎవరో వస్తున్నారు. పోలీసా?"

"ప్రొఫెసరు. అద్దం దించకు. అమ్మా, దించకు..."

"దించేశా. బాగున్నారా అండీ?"

"బాగున్నానండీ. లైల్, పిల్లలంతా మీకోసమే చూస్తున్నారు. మీరు జైల్లో ఉండగా మీ అమ్మగారు పోయిన సంగతి పోయినేడు చెప్పారు చూడండి, ఏడవనివాడు లేడు. ఈసారి టిష్యూలు తెప్పించి ఉంచాను."

"అయ్యో. దేంతో పోయిందటండీ ఆవిడ?"

"గుండె ఆగి. కొడుకుని తలుచుకుంటూ."

"గుండేనని నేననుకుంటూనే ఉన్నా. అంత్యక్రియలకి వీణ్ని పంపారటా?"

"పంపలేదట. అదే కదండీ ఘోరం."

"నాకైనా చెప్పాల్సింది. తప్పకుండా వచ్చేదాన్ని."

"మీరు... ఆవిడకి బాగా కావలసినవారా?"

"వాణ్నే అడగండి."

"లైల్?"

"చెప్పరా. ప్రొఫెసరమ్మ ఎండలో నించుంది."

"లైల్, ఒంట్లో బాగాలేదా? మంచినీళ్లు తెప్పించనా?"

"నీళ్లేం వద్దండీ. ఊపిరాడుతూనే ఉంది వాడికి, నేను చూస్తున్నా."

"లైల్, మిమ్మల్నే. ఎవరీవిడ?"

"తొందరేం లేదు నాయనా. చచ్చినదాన్ని, ఎంతసేపైనా కూర్చుంటా."

"మా అమ్మండీ. నేను చంపిన అమ్మ. ముందు వరసలో ఒక కుర్చీ వేయించండి."