మైకు ఎక్కడ దాచావు?

(పో నది ఒడ్డున మా ఊరి ఒపెరా హాలు. విరామం గంట ఇప్పుడే కొట్టారు. పాటగత్తె ఎర్సీలియా గదిలో ఆమె, ఆమెకు వేషం తొడిగే నానమ్మ డెల్ఫీనా.)

“కదలకే ఎర్సీలియా, నెత్తురు కళ్ళలోకి కారుతోంది. ఎవడే సీసా విసిరింది?”

“గ్యాలరీ వాళ్ళే నానమ్మా. నోరు తెరవగానే ఈలలు. ‘మైకు రాణీ, దిగిపో’ అని.”

“మీ తాతా అంతే. ఎవడో శ్రుతి తప్పాడని వాడి మీదికి బూటు విసిరి, ఒంటి బూటుతో ఇంటికొచ్చాడు. నవ్వకు, గాయం తెరుచుకుంటుంది!”

“పాప్ పాటలు పాడానని తిట్టుకోమను, సరే. గౌనులో మైకు దాచానట! ఒపెరాలో మైకంటే దొంగతనమే కదా. నా గొంతు నాది కాదంటున్నారు.”

“పసిదానిగా ఉన్నప్పుడు మీ నాన్న మాంసం కొట్లో నువ్వు ఏడిస్తే చర్చి దగ్గర కుక్కలు మొరిగేవి. ఇప్పుడు మైకట, మైకు!”

“నాన్న కూడా పైన గ్యాలరీలో ఉన్నాడా?”

“ఆ పిన్ను ఇలా ఇవ్వు.”

“ఉన్నాడా, లేడా?”

“ముందు వరసలో. మొదటి ఈల వాడిదే.”

“పాప్ కంపెనీకి ఇక రానని చెప్పేశాను నానమ్మా. ఇకమీదట ఒపెరాయే. ఆట అయ్యాక నాన్నకి నేనే చెబుతా, నువ్వు నోరు జారకు.”

“నేనెందుకు… ఎవరది? ఒరేయ్ అమిల్కారె, తలుపు తన్నకురా!”

“తప్పుకో అమ్మా. ఏదే మైకు?”

“లేదు నాన్నా.”

“అబద్ధం! మనిషి గొంతు అంత పైదాకా అలా వస్తుందా? నా గుండె అదిరిందే!”

“చేతిలో కత్తేమిట్రా? పంది తొడలు కోసేదా?”

“గౌను విప్పుతావా, కోసెయ్యనా?”

“కొయ్యి. వెతుక్కో.”

“జుట్టులో పెట్టావా? జుట్టులోనా?”

“లాగకురా, సవరం కాదు, సొంత జుట్టు!”

“ఇదిగో! మెడ దగ్గర గట్టిగా ఏదో ఉంది!”

“నాన్నా, అమ్మ సిలువ అది… గొలుసు… నాన్…”

“ఊడి రాదేం? రా!”

“గొంతు బిగిసిందిరా! దాని మొహం నల్లబడుతోంది, వదలరా! నా కత్తెర ఏదీ… వదలవూ? ఇదిగో, ఇదిగో!”

“అమ్మా! చేతిలో పొడిచావే!”

“మళ్ళీ పొడుస్తా. చూసుకో, ఏం దొరికిందో!”

“సిలువ… ఉత్త సిలువ. అంటే అమ్మా, ఆ గొంతు… అంతా దీనిదేనా?”

“దానిదేరా, కసాయీ! పాప్ పాటలు మానేసి మళ్ళీ మన పాటకొచ్చేసింది. నీకు తానే చెబుతానంది.”

“ఎర్సీ! చిట్టితల్లీ! గంట కొడుతున్నారు, లే. ఈసారి ఎవడు ఈల వేస్తాడో నేను చూస్తా, నరికేస్తా. పాడవే. ఒక్క ముక్క, నాకోసం… పెదాలు కదుపుతోందే గానీ ఏమీ వినబడదేం? అమ్మా, నువ్వు చెవి పెట్టు. ఏమంటోంది?”

“‘ఇప్పుడు తీసుకురా నాన్నా, మైకు’ అంటోంది.”