నాలుగోవాడి తూకం

హలో… ఆ, నేనే. గిరిధర్‌నే. దండాలు వదినె.

తిన్న, తిన్న. దుకాణంలనే ఉన్న. మిట్ట మధ్యాహ్నం మిర్చి కొననీకి ఎవడొస్తడు… షటర్ సగం దించి కూసున్న. చెప్పు.

…ఎవరు చెప్పిండ్రు?

కొమురయ్యనా. వాని నోట్ల నువ్వుగింజ నానదు. పొద్దుగాల వానికి చెప్పిన, పగటీలికి నీ దాంక ముట్టింది.

…అబద్ధం కాదు వదినె. మోకాలు నొస్తుంది. యాభై దాటినంక నొయ్యదా? ఐతారం జివతి గుట్ట ఎక్కుడు నాతోని కాదు. వాండ్లను పొమ్మను. కొమురయ్యకు గుండె గట్టిది, తిరుపతికి నోరు గట్టిది, ఇద్దరు కలిస్తె గుట్ట అదే దిగొస్తది.

…నేను లేకుంటె పోమంటున్నరా.

…కాదంటలేను. తయారీ అంత చేసిన. సైకిల్ భద్రావతి దాక తొక్కిన, రాజురా దాక తొక్కిన. ముందటి పండ్ల చక్రం చిన్నది ఏయించిన, ఎత్తు మీద కాళ్ళు పట్టకుంట. దిగేటప్పటికని బ్రేకు రబ్బర్లు కొత్తయి ఏయించిన. సీటు ఒరుసుకొని పుండ్లు పడుతున్నయని, మెత్త ఉన్న చడ్డీ గూడ కొన్న. అది ఏసుకొని బయటికొస్తె మా అర్చన తలుపు చాటుకు పోయి నవ్వింది. పెండ్లయిన ఇన్నేండ్లకు గంత నవ్వుడు నేను చూడలే.

…ఆ, నువ్వూ నవ్వినవు. నవ్వు. మీ ఆయన, మా పోచన్న పోయిన సంది నీ నవ్వు వినలే.

…ఎరుకే వదినె. ఆలోచన ఆయనదే. దుర్గాపూర్ బొగ్గు గనిల నుంచి రిటైరైన మర్నాడు ఈడికే వచ్చిండు, గీ బస్తా మీదనే కూసున్నడు. “తమ్మీ, మనం నలుగురం సైకిళ్ళ మీద జివతి గుట్ట మీది మా ఊరికి పోదాం” అన్నడు. అన్నా, బస్సు ఉంది గద అన్న. “గుట్ట మీదికెల్లి నా కాళ్ళతోని దిగొచ్చిన, నా కాళ్ళతోనే ఎక్కాలె” అన్నడు. మొక్కు ఉన్నోని లెక్క. రెండు రాష్ట్రాలు మాదంటె మాదనే ఊరు, కాని ఆ ఊరోన్ని, నన్ను ఎవలు అడగలే, నేనే అడుక్కుంట పోత… అని నవ్విండు. నవ్వుతె దగ్గు ఎత్తుకున్నది. ఆ గని దగ్గు… రెండు దెబ్బలు, నడుమ ఒక ఊపిరి. బజారు కొసకు వినవడేది.

…ఆ. సైకిల్‌కు నూనె పోసి, గోడకు ఆనిచ్చి పండుకున్నడు. పండుకున్నోడు పండుకున్నట్టే.

…అందుకే పోవాలంటున్నవు. ఆయన ఎక్కలేని గుట్ట మేమన్న ఎక్కాలెనని. నీ మాట న్యాయమే.

…మోకాలే వదినె.

…ఒట్టా? నువ్వు వదినెవా, వకీలువా?

…

సరే. చెప్త. నవ్వద్దు. అర్చనకు చెప్పొద్దు. చెప్తె నన్ను డాక్టర్ కాడికి గుంజుకపోతది.

మేం ముగ్గురమే అయినం గద. ముగ్గురు కలిసి తొవ్వ పట్టొద్దంటరు, అందుకే నాలుగో మనిషి కింద ఒక రాయి సంచిల ఏసుకుంటం… మీ అమ్మగారింటి దిక్కు గూడ అంతేనా. ఆ, అదే. రాయి మన వాకిట్లదే తియ్యాలె. దానికి పేరు పెట్టొద్దు. పోయిన కాడ పారేసి రావాలె.

వాకిట్లది తియ్యలే. పేరు పెట్టినం.

…పోయిన నెల, ఏడాది మాసికం నాడు. వర్ధా ఒడ్డున. నువ్వు పంతులు ముంగట కూసున్నవు, మేం ముగ్గురం నీళ్ళ కాడ నిలవడి ఈ ముచ్చటే మాట్లాడుతున్నం. కాళ్ళ కాడ నున్నగ, గుండ్రంగ ఒకటి కనవడ్డది. ఎట్లన్న రాయి కావాలె, ఫుకట్‌ల దొరికింది గద అని తీసిన. నా గుణం నీకెరుకే.

…ఆడనే వదినె. పోయినేడు అస్తుల మూట ఇప్పి నీళ్ళల్ల కలిపిన కాడనే.

తిరుపతి ఊకుంటడా. ఆ రాయిని చూసి, “రా పోచన్నా, నాలుగోనివి నువ్వే” అన్నడు. నవ్వినం. నేను సంచిల ఏసిన.

…ఎందుకంటె ఏం చెప్పాలె. ఏడ్పు ఆపుకోనీకి ఆడిన నవ్వులాట.

మర్నాటి సంది సైకిల్ బరువైంది.

…లేదు, వయసు కాదు. వయసు బరువు నాకు తెలువదా, అది రోజింత ఎక్కుతది. ఇది ఒక్కనాడే ఎక్కింది. బల్లార్‌పూర్ తొవ్వల చిన్న ఎత్తు ఉంది చూడు, అంతకుముందు మాట్లాడుకుంట ఎక్కేటోన్ని. ఆనాడు ఎనుక క్యారేజీ మీద ఎవడో కూసున్నట్టే ఉండె. ఎనుకకు మల్లి చూసిన. ఎవరు లేరు. ఎనుక టైరు మాత్రం నొక్కుకపోయి ఉంది.

ప్రమోద్ మెకానిక్ కాడికి తీసుకపోయిన. చక్రం లేపి తిప్పిండు, అది గాలి లెక్క తిరుగుతుంది. బేరింగులు ఇప్పిండు, గ్రీజు పెట్టిండు. “కాకా, సైకిల్ కో కుచ్ నహీ హువా, ఆప్ కో హువా” అన్నడు. సైకిల్‌కు ఏం కాలేదు, అయింది నాకేనట.

నేను వ్యాపారిని వదినె. మనిషి మాట నమ్మ. కాంటాను నమ్ముత. బస్తాలు జోకే కాంటా ఉంది గద, దాని మీద పెట్టిన. ముందు ఉత్త సైకిల్. తర్వాత పంపు, ట్యూబు, పానాలు, నీళ్ళ సీసా, ఆ రాయి… ఒక్కొక్కటి ఇడివిడిగ జోకిన. లెక్క కట్టిన. మల్ల అన్ని సంచిల సర్ది, సైకిల్‌కు కట్టి, మొత్తం జోకిన.

…ఎక్కువొచ్చింది.

…కాంటా తప్పు కాదు. మొన్ననే తనిఖీ చేసి ముద్ర కొట్టి పోయిండ్రు. మిర్చి బస్తా పెడితె సరిగ్గ చూపిస్తది. అనుమానం తీరక పక్క దుకాణం గోపాల్ సేటు కాంటా మీద గూడ పెట్టిన. ఆడ గూడ అంతే ఎక్కువ. మిర్చి జోకేటప్పుడు గోనెసంచి బరువు తియ్యకుంట నేను ఎన్నడన్న ఉన్ననా? లెక్క తప్పిందని నన్నెవడన్న అన్నడా?

…ఎంతని అడగకు.

…అడగకన్న గద.

…

అంకె చెప్ప. ఆ బరువు నాకెరుక. ఇంతకుముందు ఒకపారి పట్టిన. తువ్వాలల మూట కట్టి నా చేతికిచ్చింది నువ్వే. కాటికాడికెల్లి వర్ధా దాక, జీపుల, నా ఒళ్ళెనే ఉండె. ఇన్నేండ్ల వ్యాపారం వదినె… ఒక్కపారి పట్టిన బరువు నా చెయ్యి మర్వది.

…

వదినె. ఏడువకు.

…అందుకే చెప్పొద్దనుకున్న.

…భయమే అనుకో. ఎక్కుడుకు కాదు నా భయం. ఎక్కేటప్పుడు ఎనుకకు గుంజితె కాలు కింద పెట్టి దిగుత. దిగేటప్పుడు ఎనుక నుంచి నూకితె? ఒక దిక్కు గుట్ట, ఒక దిక్కు లోయ.

…బతికున్నప్పుడు నూకలే, ఒప్పుకుంట. నా అన్న లెక్కటోడు. ఇప్పుడు ఆయన లెక్క ఏందో, మనకేమెరుక.

…రాయి తీసి పారేస్తె అయిపాయె అంటున్నవు. నాకు తట్టలేదనుకున్నవా. ఇగో, సైకిల్ ఇప్పుడు గూడ కాంటా మీదనే ఉంది. ఇను… సంచి ఇప్పుతున్న… రాయి తీసిన. బల్ల మీద పెట్టిన, సప్పుడు వినవడ్డదా? ఇప్పుడు అంకె చూస్తున్న. రాయి ఎంత బరువుందో అంత తగ్గింది. ఆ ఎక్కువ చెప్పిన చూడు… అది అట్లనే ఉంది.

రాయి నిమిత్తమే వదినె. పిలిచినం. వచ్చిండు. ఇప్పుడు కాదు పొమ్మని ఏ నోటితోని అందాం.

…ఏందీ?

ఫోను… సైకిల్ మీద పెట్టాల్నా?

…వద్దు వదినె. ఎవరన్న చూస్తె బాగుంటదా? గోపాల్ సేటు ఇప్పటికే అందరికి చెప్తుండు, గిరిధర్ సైకిల్‌ను ఆవు దూడను జోకినట్టు రోజు జోకుతుండు, ఏ సంతల అమ్ముతడో అని.

…

…నిజమే. ఒక్క మాట చెప్పనియ్యకుంటనే పోయిండు. మాకన్న నీళ్ళల్ల నిలవడి ఆయన పేరు పిలిచే మోకా దొరికింది. నీ చుట్టు ఆనాడు జనమే జనం. నువ్వు ఏడ్చినవు గని, మాట్లాడలే.

…సరే. ఆగు. షటర్ మొత్తం దించనీ.

…ఇగో, దించిన. ఫోను సీటు మీద పెడుతున్న. నేను ఎనుక గోదాంలకు పోయి కూసుంట. వినను. ఆడ కొత్త మిర్చి ఉంది, ఘాటుకు దగ్గు రావచ్చు. అది నేనే, భయపడకు.

మాట్లాడు వదినె.

…

…

…

హలో… ఆ, వచ్చిన. అయిందా.

…లేదు, ఒక్క మాట వినలే. గోదాం తలుపు గూడ దగ్గరికేసిన.

…దగ్గినా? లేదు. ఈ రోజెందుకో దగ్గు రానే రాలే.

…రెండుసార్లా. నడుమ ఊపిరి తీసుకొనా.

…ఫోను కాడనే వినవడ్డదా.

…

కాంటానా. చూసిన వదినె. ఫోను చేతిలకు తీసుకోకముందే చూసిన. ఫోను సీటు మీద ఉన్నప్పుడు అంకె ఎంతన్న పెరగాలె గద. తగ్గింది. ఇప్పుడు చేతిలకు తీసుకున్నంక మల్ల చూస్తున్న. సామాను లెక్క ఎంతో గంతే. తులం ఎక్కువ లేదు.

…ఏం చెప్పినవు ఆయనకు?

…చెప్పాలె. కాంటా నాది, సైకిల్ నాది.

…“ఒకని ఎనుక కూసోని పోకు. నీ కాళ్ళతోని ఎక్కుతనన్నవు గద, ముందు నడువు”… ఆ. ఇంక.

…“మీ ఊరి కాడ నిలవడు. ఐతారం గిరిధర్ వస్తడు. నువ్వు ముట్టినవన్న కబురు నాకు తెస్తడు.”

…

గింత పని చేసినవా వదినె. నన్ను ఒక్క మాట అడగకుంట నా పేరు మీద బయానా ఇచ్చినవు గద. అది గూడ ఎవలికి, వాపసు అడగనీకి రానోనికి.

…నవ్వకు. ఎవరి దగ్గర నేర్చుకున్నవు ఈ బేరం. ఒప్పుకున్న సరుకు ఇయ్యకుంట గిరిధర్ దుకాణం మూసిండనే మాట ఇన్నేండ్లల్ల రాలే. అది నీకెరుకే, అందుకే అన్నవు.

…మోకాలా? మోకాలుకేమైంది. మంచిగనే ఉంది.

…కొమురయ్యకు నువ్వే చెప్పు. నేను చెప్తె పొద్దుగాలోటి, మధ్యాహ్నమోటి అంటడు. నువ్వు చెప్తె ఊరంత నమ్ముతది. తిరుపతికి మాత్రం చెప్పు, తొవ్వల ఎవల్ని పేరు పెట్టి పిలువద్దని. నన్ను గూడ.

…ఆ రాయి సంచిలనే తీసుకపోయి ఆయన ఊరి పొలిమేరల దించి వస్త. ఇంకో రాయి మా వాకిట్లది తీస్త. పేరు లేనిది. ఆయన ముందు పోయిండాయె, మేం మల్ల ముగ్గురమే మిగిలినం.

…సద్దా? జొన్న రొట్టెలు చెయ్యి, ఎల్లిపాయ కారం పెట్టు. సల్లగైనా తినొచ్చు.

…నలుగురికా?

…

పెట్టు. నలుగురికే పెట్టు.

…లేదు, ఇగ జోక. కాంటా బటన్ బందు పెడుతున్న. ఇప్పుడు సరిగ్గ ఉంది. రేపు మల్ల చూసి, మల్ల ఎక్కువొస్తె… వద్దు. ఐతారం దాక ఈ సైకిల్ కాంటా ఎక్కది.

…ఎండ పడకముందే రాజురా దాటుతం. గడ్చందూర్‌ల చాయ్ తాగి, ఆడికెల్లి ఘాట్ ఎక్కుతం. నిమ్మళంగ ఎక్కుదామనే అనుకున్నం, తిరుపతి పొట్ట ఉంది గద, నడుమ నడుమ ఆగుకుంట…

…

ఆగు వదినె. ఒకటి అడుగుత. పోచన్నకు నిలవడి ఎదురుచూసుడు చాతనయితుండెనా?

…అదే. నాకు గూడ యాదికొచ్చింది. బస్సు కోసం నిలవడితె బస్సు వచ్చే దిక్కే నడిచేటోడు. మనం చాయ్‌కి పిలిచి ఆలిశమైతె, ఇంటి కాడికే వచ్చేటోడు.

…ఆ. మేం ఆలిశం చేస్తె ఊరి కాడ ఉండడు. ఎదురు దిగొస్తడు.

…

చాయ్ గీయ్ ఏం లేదు. యాడ ఆగం. వాండ్లకు గూడ చెప్పు, చుక్క పొడువంగనే తయారుండుమని.

పెడుతున్న వదినె.