పొట్టి నాచు

సముద్రపు నాచు పెంచే నర్సరీ షెడ్డులో, ఉప్పునీటి తొట్ల మధ్య అక్క. ల్యాబు నుంచి నిప్పులు చెరుగుతూ వచ్చిన చెల్లెలు. బయట తీరం పొడవునా అక్క నాటిన గోధుమ నాచంతా కుళ్ళి కంపు కొడుతోంది.

"ముందు ఆ తలుపు వెయ్యవే. ఆ కంపు భరించలేకపోతున్నాను."

"వెయ్యను. నువ్వు నాటిందేగా, పీల్చు."

"వచ్చీ రాగానే మొదలెట్టావా? నీళ్ళు వేడెక్కితే నేనేం చెయ్యను? సముద్రాన్ని నేను పొయ్యి మీద పెట్టానా?"

"వేడెక్కడం నీ తప్పు కాదు. తీరం మొత్తానికీ ఒకే తల్లి మొక్క విత్తనం వాడావు చూడు, అది నీ తప్పు. చిలక్కి చెప్పినట్టు చెప్పాను. అన్నీ ఒకే కడుపున పుడితే, ఒకటి తట్టుకోలేని వేడిని ఏదీ తట్టుకోదు, చస్తే అన్నీ కలిసే చస్తాయి అని."

"అది ఏపుగా పెరిగేది! మనిషెత్తు పెరిగినప్పుడు మీ ల్యాబువాళ్ళే పడవలెక్కొచ్చి ఫోటోలు దిగారు."

"నేను దిగలేదు."

"నువ్వెందుకు దిగుతావు, నీకు నవ్వడం వస్తేగా."

"మాట మార్చకు. బకెట్లు తెచ్చాను. పడవ తియ్యి, పొట్టి నాచు దగ్గరికి వెళ్దాం."

"ఇప్పుడా? ఏదైనా తిని వెళ్దాంలే."

"తినడానికి రాలేదు."

"ఇంజను మొరాయిస్తోందే రెండ్రోజుల్నించి."

"తెడ్లు నేనేస్తాను. అక్కా, ఆ మూల రాళ్ళ మీదున్న పొట్టిదే ఇక్కడ పుట్టిన పాత వంశం. నువ్వు నాటిన దానికీ దానికీ చుట్టరికమే లేదు. జన్యువులు చూసే చెప్పాను కదా! ఈ వేడికి తట్టుకునేది అదొక్కటే. దాని విత్తనంతో మళ్ళీ మొదలుపెట్టచ్చు. లే!"

"చూడ్డానికి గజ్జి పట్టినట్టుండేది..."

"ఉండేదేంటి?"

"అదే, అలా ఉంటుంది కదా అని..."

"ఉండేదేంటక్కా? ఉంది అను."

"అరవకు. పనివాళ్ళు వింటారు."

"విననీ!"

"కొత్త నాచు పట్టుకోవాలంటే రాయి శుభ్రంగా ఉండాలి కదే. తీరమంతా నాటాం, ఆ మూల ఒక్కటీ..."

"గీకేశావా?"

"నేనొక్కదాన్నే కాదు, అందరం కలిసి..."

"గీకేశావా, లేదా?"

"గీకించాను! పోయిన వేసవిలో గీకించాను! ఏం, చంపుతావా?"

"చంపాలనే ఉంది! వేల ఏళ్ళు బతికిందక్కా అది. తుఫాన్లకు పోలేదు, ఎండలకు పోలేదు, నీ శుభ్రానికి పోయింది. కంటికి రెప్పలా చూసుకోమని కాళ్ళు పట్టుకున్నానే! నీకసలు బుద్ధుందా?"

"ఏయ్, నోరు! నేనేం పిచ్చిదాన్నా, వెనకాముందూ చూసుకోకుండా గీకించడానికి? నీ దగ్గర ఉందిగా!"

"నా దగ్గరా?"

"నీ ల్యాబులో, ఆ చల్లటి అలమరలో, సీసాల్లో. నువ్వే చూపించావు, కన్నబిడ్డల్ని చూపించినట్టు. ఆ ధైర్యంతోనే గీకించాను. పో, వెళ్ళి ఆ సీసాలు పట్రా, ఈ తొట్లలో పోద్దాం. నన్ను తిట్టడం తర్వాత తిడుదువుగాని... ఏమే? బకెట్లు బోర్లిస్తున్నావేం?"

"అలమరలో చోటు చాల్లేదు."

"చాలకపోతే?"

"నీ దగ్గర రాళ్ళ మీద భద్రంగా ఉందిగా అని... ఆ సీసాలు కడిగేసింది నేనేనక్కా."