సూది తగలని రికార్డు

డెల్బర్ట్ క్రౌజ్ కోతలు ఎప్పుడూ చిన్నగానే మొదలవుతాయి. అది చూసి మోసపోయినవాళ్ళు టొలీడో ఊళ్ళో చాలామందే ఉన్నారు. ఆ ఆదివారం పొద్దున మాజీ సైనికుల హాల్లో, పాత రికార్డుల సంతలో, కాఫీ బల్ల పక్కన మోసపోవడానికి సిద్ధంగా నిలబడ్డవాడు ఓరిన్ స్విక్.

ఓరిన్ పదహారేళ్ళప్పుడు ఒక స్కేటింగ్ హాల్లో 'టిన్ బ్యాడ్జర్స్' అనే కుర్రకారు బృందం 'గో హోమ్ షారన్' పాడగా ఒక్కసారి విన్నాడు. రెండో చరణం మధ్యలో వచ్చిన కేకకి ఒళ్ళు ఝల్లుమంది. ఆ బృందం ఒకే ఒక్క రికార్డు వేసి చెదిరిపోయింది. యాభై ఏళ్ళుగా ఆ పాట కోసం ఓరిన్ తిరగని సంత లేదు. ఇప్పుడా రికార్డు డెల్బర్ట్ చేతిలో ఉంది. బదులుగా డెల్బర్ట్ అడుగుతున్నది, ఓరిన్ బతుకంతా ఏరుకుని పోగుచేసిన రెండు పెట్టెల రికార్డులు. పెట్టెలు అప్పటికే బల్లెక్కాయి.

"ఏముంది గురూ," అన్నాడు డెల్బర్ట్, "ఫిండ్లేలో ఒక ముసలమ్మ పాత సామాన్లు అమ్ముతుంటే ఊరికే ఆగాను. కింద గదిలో ఇంకేమైనా ఉన్నాయేమో చూసుకో నాయనా అంది, దిగాను, మోకాళ్ళ లోతు వరద నీళ్ళు, వాటి మీద ఇది తేలుతోంది, కవరు తడిస్తే ఒట్టు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

పక్క బల్ల దగ్గర రికార్డులమ్మే గిబ్ ఈ కథ ఇదివరకే విన్నవాడు. "పోయిన నెల నీళ్ళు పాదాల దాకేగా?"

"నువ్వు జడుసుకుంటావని తగ్గించి చెప్పాన్రా."

ఇక తగ్గించలేదు. నీళ్ళు నడుముకొచ్చాయి, మెడకొచ్చాయి, గోడ కూలింది, డెల్బర్ట్ వెళ్ళి మోమీ నదిలో పడ్డాడు. రికార్డు అంచు పళ్ళతో కరిచిపట్టి మూడు మైళ్ళు ఎదురీదాడు. చేతులు పడిపోతే ఒక చేప, పడవంత చేప, వీపు మీద ఎక్కించుకుని ఒడ్డున దింపింది. బొంకరా బొంకరా పోలిగా అంటే మిరియాలు తాటికాయలంత అన్నాడట ఒకడు. ఆ పోలిగాడు కూడా డెల్బర్ట్ ముందు నోరు విప్పేవాడు కాదు.

"అంత పాటుపడ్డా అసలు విలువ పాటదేగా," అన్నాడు గిబ్. దొరకనిదానికే విలువ, బాగుండటం బాగోకపోవటం ఎవడిక్కావాలి అని డెల్బర్ట్ వాదన. ఓరిన్‌కి రెండూ పట్టలేదు, ఆ కేక ఉంటే చాలు. స్కేటింగ్ హాల్లో విన్న ఆ కేక ఇందులో ఉందా అని అడిగాడు.

"కేకా! రికార్డు చేసిననాడు నేనక్కడే ఉన్నా గురూ, తొమ్మిదేళ్ళవాణ్ణి. ఆ పాటగాడు అరిచిన అరుపుకి ఏడు కిటికీలు పగిలాయి, వీధి చివర పాలబండిలో పాలు విరిగిపోయాయి, గూడ్సుబండి డ్రైవరు ఎదురుగా ఇంకో బండి వస్తోందనుకుని వెనక్కి నడిపి డెట్రాయిట్‌లో తేలాడు. ఆ అరుపంతా ఈ గాడుల్లో ఉంది. అందుకే దీనికి సూది తగలనివ్వలేదు. ఒక్కసారి తగిలిందా, విలువ సగం. రెండోసారి తగిలితే ఈ హాలు కప్పు ఎవడు కట్టిస్తాడు?"

కాఫీ పోస్తున్న పెద్దావిడ వెర్నా కూజా కింద పెట్టింది. ఆవిడ ఈ హాల్లో ఇరవై ఏళ్ళుగా కాఫీ పోస్తోంది, ఎవరూ పేరుకి మించి అడిగింది లేదు.

"అరిచింది పాటగాడు కాదు బాబూ, నేను," అంది. "ఆర్గన్ వాయించేదాన్ని. స్కేటింగ్ హాల్లో ఆవేళ దాని మూత నా వేళ్ళ మీద పడింది." వంకర తిరిగిన చిటికెనవేలు చూపించింది. "రికార్డులో కేక లేదు. ఆ మాటకొస్తే పాటే లేదు. సూది పెట్టి చూడండి."

డెల్బర్ట్ రికార్డుని గుండెకి హత్తుకున్నాడు. విలువ సగమైపోతుందన్నాడు. ఓరిన్ చెయ్యి తన పెట్టెల మీద పడింది. తనకు మాత్రం తెలియదా, ముట్టని రికార్డుని మోగించమనడం ఈ సంతలో పెళ్ళికూతురి ముసుగు లాగినంత తప్పు. అయినా యాభై ఏళ్ళు ఎదురుచూసినవాడు.

"నా పెట్టెలు కావాలంటే వినిపించు," అన్నాడు.

రికార్డుని గిబ్ బల్ల మీది ప్లేయరుకెక్కించారు. కాసేపు చిటపటలు. తర్వాత అకార్డియన్ అందుకుంది. ఆపైన ట్యూబా బూర. ఎవరి పెళ్ళిలోనో వాయించిన పోల్కా డాన్సు బాణీ, తాతలూ అమ్మమ్మలూ గెంతే పోల్కా. ఫ్యాక్టరీవాళ్ళు టిన్ బ్యాడ్జర్స్ పేరున్న కాగితాలు వేరేవాళ్ళ పోల్కాకి అంటించి ఐదువందల రికార్డులూ పంపేశారని వెర్నా చెప్పింది. తప్పెవరిదని కొట్టుకునే బృందం విడిపోయిందట.

ఓరిన్‌కి ఏడుపొచ్చినంత పనైంది. డెల్బర్ట్ ఖాళీ కవరుని తిరగేసి మరగేసి చూశాడు. ఎంతసేపు? ఒక చరణం సేపు.

"చూశారా! తప్పుపడ్డ రికార్డు. ప్రపంచంలో ఇదొక్కటే. ఇక రెండు పెట్టెలు చాలవు ఓరిన్."

"ఒక్కటెందుకవుతుంది నాయనా," అంది వెర్నా కప్పు నింపుతూ. "నాలుగు బయటికెళ్ళాయి. మిగతా నాలుగొందల తొంభై ఆరు మా గ్యారేజీలోనే ఉన్నాయి. పూలకుండీల కింద ఒక్కోటి వేసుకుంటాను. నీకెన్ని కావాలి?"

ఓరిన్ పెట్టెలు రెండూ తనవైపు లాక్కున్నాడు. తర్వాత కప్పు చాచి, ఆ పాట ఇంకా గుర్తుందా అమ్మా అని మెల్లగా అడిగాడు.

"ఎందుకు లేదు, పాడతాను," అంది వెర్నా. "కేక కూడా కావాలంటే మాత్రం, ఈసారి మూత నీ వేళ్ళ మీద వెయ్యాలి."