రెండు వేల మూడు వందల ఉత్తరాలు చదివిన విచారణమ్మ గారు

పందొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం జూలై మూడవ తేదీన మన పట్టణ ప్రణాళికా కార్యాలయంలో జూనియర్ గుమాస్తాగా అడుగుపెట్టిన ఆమెకు ఆనాడు దక్కిన కుర్చీకి ఒక చేయి లేదు; బల్ల మీద మాత్రం ఏడాదిగా ఎవరూ విప్పని అభ్యంతర పత్రాలు మూరెడెత్తున పేరుకుని ఉన్నాయి. నెల తిరిగేలోగా వాటన్నిటినీ చదివి, ప్రతి అర్జీదారుకూ జవాబు పంపిన ఆ శ్రద్ధే వారి ముప్పై నాలుగేళ్ల సేవకు ఒరవడి అయింది.

పన్నెండేళ్లకు వారు విచారణ విభాగానికి పర్యవేక్షకులయ్యారు. అప్పటి నుంచే అందరికీ 'విచారణమ్మ గారు'. పక్క గదిలో నక్షాలు గీసుకునే మేము "విచారణ ఆవిడది, విచారం మనది" అని నవ్వుకునేవాళ్లం. ఎందుకంటే కొలతలో అంగుళం తేడా వచ్చినా నక్షా తిరిగి మా బల్ల మీదికే వచ్చేది.

ఆ రోజుల్లో కొత్త కట్టడాల మీద తగాదా వస్తే ఎన్నికైన సభ్యులు సమావేశ మందిరంలో చేతులెత్తి తేల్చేవారు. ఎవరు ఎక్కువమందిని వెంటబెట్టుకొస్తే వారిదే పైచేయి. ఆరేళ్ల క్రితం ఆ పద్ధతికి స్వస్తి చెప్పి, ఒక ఇంజనీరు, ఒక న్యాయవాది, ఒక భవన శిల్పి కూర్చున్న మండలి కాగితాలు చూసి తీర్పు చెప్పాలని ప్రతిపాదన వెలువడింది. ప్రజాభిప్రాయం కోరగా అరవై రోజుల్లో రెండు వేల మూడు వందల పైచిలుకు ఉత్తరాలు వచ్చిపడ్డాయి. "చేతులెత్తే బాగోతం పోతే పీడ విరగడవుతుంది" అని ఒకరు, "మేం ఎన్నుకున్నవాళ్లను పక్కన పెట్టి, ముక్కూ మొహం తెలియని ముగ్గురా?" అని మరొకరు. వాటిలో ఒక్కటి కూడా విడవకుండా విచారణమ్మ గారే చదివారు.

ఉత్తరం రాయలేక ఒక పెద్దాయన నేరుగా వచ్చారు. ఇరుకు వీధిలో గడియారాలు బాగుచేసే మనిషి. ఆయన కొట్టుకు ఎదురుగా నాలుగంతస్తుల కట్టడం లేవబోతోంది.

"కాగితం మీదే చెప్పుకోవాలంటున్నారు. కాగితం మీద వెలుతురు ఎలా రాయనమ్మా?" అన్నారాయన.

"రాయకండి బాబాయ్ గారూ, చూపించండి" అని, కొలతలకు నన్నూ వెంటబెట్టుకుని, ఆ మధ్యాహ్నమే వారు కొట్టుకు వెళ్లారు. ఆయన ముక్కాలి పీట మీద కూర్చుని, కంటికి భూతద్దం బిగించి, వెంట్రుకంత తీగను పట్టుకారుతో ఎత్తబోయారు. కట్టడం లేస్తే ఎంత చీకటి పడుతుందో చూడటానికి నేను కిటికీకి అడ్డంగా అట్ట పట్టుకున్నాను. తీగ జారి ఎక్కడో పడింది. ముగ్గురం నేలంతా పాకుతూ అరగంట వెతికాం. చివరికి అది వారి చీర కుచ్చిళ్లలో దొరికింది. "మీ ఆఫీసుకు నా సరుకు కూడా పట్టుకుపోతారా ఏంటి?" అని పెద్దాయన పకపకా నవ్వారు. విచారణమ్మ గారు నవ్వుతూనే తమ పుస్తకంలో వెలుతురు గురించి రెండు పేజీలు రాసుకున్నారు.

నివేదిక వేళకు చిక్కు వచ్చింది. ఒకనాడు అప్పటి ముఖ్యాధికారి గారు పిలిచి, "అధిక శాతం అనుకూలం అని ఒక్క పేజీలో ముగించెయ్యండమ్మా. పైవాళ్లు తొందరపడుతున్నారు" అన్నారు.

"అలా రాస్తే అబద్ధమవుతుంది సార్. మండలి కావాలన్నవాళ్లూ, వద్దన్నవాళ్లూ ఒక్కటే అడిగారు, మమ్మల్ని పిలిచి మా మాట వింటారా అని. అది లేకుండా నేను సంతకం పెట్టలేను."

బదిలీ తప్పదని మేమంతా అనుకున్నాం. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులైన వారి భర్త గారు సైతం పెట్టె కిందికి దించి దుమ్ము దులిపారట. ఏడు వారాలు ఎవరికీ అన్నం సయించలేదు. ఎనిమిదో వారం ఉత్తర్వు వచ్చింది: మండలి ఉంటుంది, అయితే ప్రతి తగాదాలోనూ స్థలాన్ని కళ్లారా చూసి, ఇరుపక్షాలనూ ఎదుట కూర్చోబెట్టుకుని వినాలి. తమకు నచ్చకపోయినా ఆ నివేదికను ఒక్క అక్షరం మార్చకుండా పైకి పంపిన ముఖ్యాధికారి గారికి ఈ సందర్భంగా నమస్కరిస్తున్నాను. ఉత్తర్వు చదివి ఆమె చెప్పులు విడిచి, కుర్చీలో వెనక్కి వాలి, "అమ్మయ్య" అన్నారు. అంతే. ఆ పూట సెలవు పెట్టి ఇంటికి వెళ్లి సాయంత్రం దాకా నిద్రపోయారని తర్వాత తెలిసింది.

మండలి ముందుకు వచ్చిన మొదటి తగాదా గడియారాల కొట్టుదే. ముగ్గురూ వెళ్లి చూశారు, విన్నారు, పై రెండంతస్తులనూ ఎనిమిది అడుగులు వెనక్కి జరపమన్నారు. పెద్దాయన పీట కిటికీ దగ్గరే ఉండిపోయింది. ఓడిపోయానని కోపగించుకుంటాడనుకున్న బిల్డరు సైతం మన కార్యాలయం కిటికీ దగ్గరికి వచ్చి, "ఇదివరకైతే రెండేళ్లు తిప్పేవాళ్లు. నలభై రోజుల్లో తేలింది, అదే పదివేలమ్మా" అని దండం పెట్టి వెళ్లాడు.

నేడు వారు విధుల నుంచి విరమిస్తున్నారు. "ఊరందరి మాటా విన్నది, ఇకనైనా మా మాట వింటుందేమోలెండి" అని వారి అమ్మాయి నాతో అంది. వచ్చే సోమవారం నుంచి ఈత నేర్చుకోవడానికి వారు ఇప్పటికే పేరు నమోదు చేయించుకున్నారని విని మేమంతా సంతోషించాం. విచారణమ్మ గారూ, మీ మోకాళ్లకు సత్తువ, గుండెకు నెమ్మది, మీ దంపతులకు దీర్ఘమైన ఆయుష్షు కలగాలని మా అందరి మనఃపూర్వక ఆకాంక్ష. మొదటి వారం నీళ్లు మింగినా మానకండి. వేసవి వచ్చేసరికి మీరు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఆగకుండా ఈదాలి, మేము గట్టున నిలబడి చప్పట్లు కొట్టాలి.